బైపాస్ బాగా జరిగింది సరే, గుండె కండరం సంగతేమిటి?

హౌరా నుంచి ముంబై వెళ్లే ప్రధాన రైలు మార్గంలో, బిలాస్‌పూర్ జంక్షన్‌కు కాస్త తూర్పున ఉండే స్టేషన్ గతౌరా. కోర్బా వైపు నుంచి బొగ్గు నింపుకొని వచ్చే గూడ్సు బళ్లు రాత్రింబవళ్లు ఈ దారినే పోతుంటాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పటి నుంచీ దాని ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. అంతకు చాలా ముందు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచే ఈ లైను వెంబడి కాలనీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇలాంటి చోట 'బ్లాక్' అనే మాటకు ఎవరూ అర్థం అడగరు. పట్టా మార్చాలన్నా, వంతెన బాగుచేయాలన్నా కొన్ని గంటలపాటు ఆ లైనులో బళ్లు ఆపేస్తారు. పని పూర్తయ్యాక కూడా మొదటి బండిని పూర్తి వేగంతో వదలరు. కాషన్ ఆర్డరు ఇచ్చి మెల్లగా నడిపిస్తారు, తర్వాత అంచెలంచెలుగా వేగం పెంచుతారు.

గుండెకు బైపాస్ చేసేటప్పుడు జరిగేది కూడా ఒక బ్లాకే. పూడుకుపోయిన ధమనిని దాటించి రక్తానికి కొత్త దారి వేయడం కోసం సర్జన్ బృహద్ధమనికి క్లాంపు బిగిస్తారు. శరీరానికి రక్తం అందించే పని యంత్రం చూసుకుంటుంది. కానీ గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనులు క్లాంపుకు ఇవతలే మొదలవుతాయి కాబట్టి, ఆ గంటా గంటన్నరా గుండెకు మాత్రం సరఫరా ఉండదు. ఒంట్లో అన్ని అవయవాలకూ రక్తం అందుతుంది, గుండెకు తప్ప. గుండెను బాగుచేయడానికి ముందు దాన్నే పస్తు పెట్టాల్సి రావడం ఈ శస్త్రచికిత్సలోని అసలు ఇబ్బంది.

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న కుటుంబానికి వినిపించే వార్త ఒక్కటే: 'మూడు గ్రాఫ్టులు వేశాం, బాగా జరిగింది.' ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే అది కొత్త లైను సంగతి మాత్రమే. బ్లాకు సమయంలో కండరం ఎంత నష్టపోయింది, ఎంత మిగిలింది అన్నది రోగికి చెప్పే అలవాటు మన ఆసుపత్రుల్లో ఇంకా బలపడలేదు. ఆ సమాచారం రోగికి దక్కాల్సిందే. అది అంకెల్లో, డిశ్చార్జి కాగితం మీద, రోగికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి.

నష్టం ఎలా జరుగుతుందో చూడాలంటే ఒక తెలుగువాడి పనితో మొదలుపెట్టవచ్చు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పనిలో ఉండగా, అప్పటిదాకా ఎవరూ గుర్తించని ఒక పదార్థం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఆ ఫలితం 1927లో వెలువడింది. రెండేళ్ల తర్వాత, 1929లో ఇద్దరూ ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా అదే కనుగొన్నారు. కణం ఖర్చు పెట్టే రొక్కం ఏటీపీ అయితే, చేతికందే దూరంలో ఉంచుకున్న చిల్లర ఫాస్ఫోక్రియాటిన్. సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్లకు మందులే గుర్తొస్తాయి. కానీ ప్రతి బైపాస్ థియేటర్లోనూ లెక్కలోకి వచ్చేది ఆయన కండరం మీద చేసిన ఈ తొలి పనే.

రక్తం ఆగిన గుండె కండరంలో ఆ చిల్లర ఒకటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. ఏటీపీ అంత త్వరగా పడిపోదు, నెమ్మదిగా తరిగిపోతుంది. ఆక్సిజన్ లేకుండా చక్కెరను అరకొరగా మండించి కణం కొంతసేపు నెట్టుకొస్తుంది గానీ, దాంతో లోపల ఆమ్లం పేరుకుంటుంది. సోడియాన్ని బయటికి తోసే పంపులు మందగిస్తాయి. కణంలో సోడియం పెరుగుతుంది, దాని వెనుకే కాల్షియం చేరుతుంది. అమెరికాలో రాబర్ట్ జెన్నింగ్స్ బృందం కుక్కలపై చేసిన ప్రయోగాల్లో, మామూలు శరీర ఉష్ణోగ్రత దగ్గర 15 నిమిషాలపాటు రక్తం ఆపి మళ్లీ ఇస్తే కణాలు తేరుకున్నాయి. 40 నిమిషాలు ఆపితే గుండె గోడ లోపలి పొరలో చాలా కణాలు చనిపోయాయి. మరణం లోపలి పొరలో మొదలై బయటి పొర వైపు అలలా పాకుతుందని 1977లో ఆ బృందమే చూపించింది.

మరి గంటన్నర క్లాంపు ఎలా సాధ్యమవుతోంది? గుండెను ఆపేయడం వల్ల. కొట్టుకునే గుండె ఖర్చులో చాలా భాగం సంకోచించడానికే పోతుంది. దాన్ని వెచ్చగా ఉండగానే పూర్తిగా నిలిపేసినా ఆక్సిజన్ అవసరం సుమారు 90 శాతం తగ్గుతుంది. చల్లబరిస్తే ఇంకొంత కలిసొస్తుంది. ఆపడానికి వాడేది పొటాషియం కలిపిన ద్రావణం. దాన్నే కార్డియోప్లీజియా అంటారు. కణపు పొర మీద విద్యుత్తు స్థితిని పొటాషియం మార్చేస్తుంది, సోడియం ద్వారాలు తెరుచుకోలేని స్థితిలో ఉండిపోతాయి, గుండె వదులుగా విశ్రాంతి భంగిమలో ఆగిపోతుంది.

ఇది కూడా తేలిగ్గా దొరికిన ఉపాయం కాదు. 1955లో లండన్‌లో డెనిస్ మెల్రోజ్ పొటాషియం సిట్రేటుతో గుండెను ఆపి చూపించారు. ఆ ద్రావణం గాఢత ఎక్కువై కండరాన్నే దెబ్బతీస్తోందని తర్వాత తేలడంతో చాలా ఏళ్లపాటు సర్జన్లు ఆ దారి వదిలేశారు. జర్మనీలో బ్రెట్‌ష్నైడర్, లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో హర్స్, బ్రెయిన్‌బ్రిడ్జ్‌ల కృషితో 1970ల్లో అది కొత్త రూపంలో తిరిగొచ్చింది. ద్రావణాన్ని రక్తంలోనే కలిపి ఇచ్చే పద్ధతిని అమెరికాలో జెరాల్డ్ బక్‌బర్గ్ బలంగా ముందుకు తెచ్చారు. ఇప్పుడు సుమారు ఇరవై నిమిషాలకోసారి ఇచ్చేవీ ఉన్నాయి, ఒక్క మోతాదుతో ఎక్కువ సేపు నిలిపే డెల్ నిడో లాంటివీ ఉన్నాయి. ఏది మంచిదన్న వాదన ఇంకా తెగలేదు. రోగి దృష్టిలో అది రెండో ప్రశ్న. తనకు ఏది ఇచ్చారు, అది సరిగ్గా చేరిందా అన్నదే మొదటిది. ఎందుకంటే ధమని బాగా పూడుకుపోయిన చోటికి ఈ ద్రావణం కూడా కష్టంగానే చేరుతుంది. కాపుదల ఎక్కువ కావాల్సిన చోటే అది తక్కువ అందుతుంది. అందుకే కొందరు సర్జన్లు సిరల వైపు నుంచి వెనక్కి కూడా దాన్ని పంపిస్తారు. ఆ పద్ధతిలో కుడి జఠరికకు సరిపడా అందదన్న వెలితి మళ్లీ వేరే.

క్లాంపు తీశాక ఇంకో గండం ఉంది. ఆక్సిజన్ వచ్చి పడగానే ఆకలితో ఉన్న మైటోకాండ్రియాలో చురుకైన ఆక్సిజన్ అణువులు ఒక్కసారిగా ఎగసిపడతాయి. ఆమ్లం కడుక్కుపోగానే సోడియం, దానికి బదులుగా కాల్షియం ఇంకా లోపలికి దూసుకొస్తాయి. కాల్షియం మితిమీరితే కండర పోగులు బిగుసుకుపోయి కణపు పొర చిరుగుతుంది. మైటోకాండ్రియా గోడల్లో రంధ్రాలు తెరుచుకుని ఏటీపీ తయారీయే ఆగిపోతుంది. ప్రాణం పోసే రక్తమే కొన్ని కణాలకు ఆఖరి దెబ్బ అవుతుందన్నమాట. రైల్వే వాళ్లకు కాషన్ ఆర్డరు ఎందుకో తెలిసినట్టే సర్జన్లకూ ఇది తెలుసు. క్లాంపు తీసే ముందు వెచ్చని రక్తాన్ని తక్కువ ఒత్తిడితో పంపడం, తీసిన తర్వాత గుండె మీద బరువు వెంటనే వేయకుండా కొంతసేపు యంత్రంతోనే నడిపించడం ఆ జాగ్రత్తల్లో భాగం.

దెబ్బతిన్న కణాలన్నీ చనిపోవు. కొన్ని మొద్దుబారి, కొన్ని గంటలో రోజులో పనిచేయకుండా ఉండి తిరిగి లేస్తాయి. యూజీన్ బ్రౌన్‌వాల్డ్, రాబర్ట్ క్లోనర్ 1982లో వీటికి 'స్టన్డ్' కండరమని పేరు పెట్టారు. చనిపోయిన కణాల మాట వేరు. 1950లు, 60ల నాటి అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆధారం చేసుకుని స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో గుండె కణాల వయసు లెక్కగట్టారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం కణాలు కొత్తవి వస్తాయి. 75 ఏళ్లకు అది 0.45 శాతానికి తగ్గుతుంది. బైపాస్ అవసరమయ్యే వయసులో పోయిన కణం దాదాపుగా పోయినట్టే. ఆ చోట మచ్చ మిగులుతుంది, అది సంకోచించదు.

ఇక కొలతల విషయం. కండర పోగుల్లో అంటిపెట్టుకుని ఉండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కణం చిరిగితే రక్తంలోకి కారుతుంది. అంతకుముందు దశాబ్దాలపాటు సీకే-ఎంబీ అనే ఎంజైమును కొలిచేవారు. అది సుబ్బారావు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఏటీపీని తయారుచేసే ఎంజైముకు గుండెలో ఉండే రూపమే. సూక్ష్మ ట్రోపోనిన్ పరీక్ష వచ్చాక ఒక చిక్కు వచ్చిపడింది. బైపాస్ చేయించుకున్న దాదాపు ప్రతి ఒక్కరిలోనూ అది ఆకాశానికి అంటుతుంది. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిలో ఆ అంకె కనిపిస్తే డాక్టర్లు పరుగెత్తాల్సినంతగా. అయినా వారిలో చాలామంది వారం తిరిగేసరికి నడుచుకుంటూ ఇంటికెళ్తారు.

అయితే ఎంత పెరిగితే ప్రమాదం? 2018లో వచ్చిన నాలుగో సార్వత్రిక నిర్వచనం ప్రకారం సాధారణ పరిమితికి 10 రెట్లు దాటి, దానికి తోడు ఈసీజీలోనో స్కానింగులోనో యాంజియోగ్రామ్‌లోనో మార్పు కనిపిస్తే దాన్ని ఆపరేషన్ వల్ల వచ్చిన గుండెపోటుగా లెక్కించాలి. వేరే నిపుణుల బృందాలు 35 రెట్లనీ 70 రెట్లనీ చెప్పాయి. 2022లో వెలువడిన 'విజన్' కార్డియాక్ సర్జరీ అధ్యయనం ఈ అంకెలన్నిటినీ కుదిపేసింది. 12 దేశాల్లోని 24 ఆసుపత్రుల్లో 13,862 మందిని పరిశీలించారు. వాళ్లలో 296 మంది, అంటే 2.1 శాతం, 30 రోజుల్లోపు మరణించారు. బైపాస్ ఒక్కటే చేయించుకున్న లేదా బృహద్ధమని కవాటం మార్పించుకున్న వారిలో, మొదటి రోజు ట్రోపోనిన్ ఐ లీటరుకు 5,670 నానోగ్రాములు దాటినప్పుడే మరణ ప్రమాదం పెరిగినట్టు కనిపించింది. ఆ పరీక్షకు సాధారణ పరిమితి 26 మాత్రమే. అంటే 218 రెట్లు! 10 రెట్ల గీతను మాత్రం దాదాపు అందరూ దాటేశారు.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా అపార్థం చేసుకోవచ్చు. ఇంత పెరిగినా ఫర్వాలేదన్నమాట, ఇక కొలవడమెందుకు అనుకోవడం ఒకటి. 5,670 అన్నదాన్ని లక్ష్మణరేఖలా పట్టుకోవడం మరొకటి. ఆ అంకె ఒక ప్రత్యేకమైన పరీక్షా కిట్టుకు చెందింది. వేరే కంపెనీ కిట్టుతోనో, ట్రోపోనిన్ ఐకి బదులు ట్రోపోనిన్ టీ కొలిచే ల్యాబులోనో వచ్చిన సంఖ్యను దీని పక్కన పెట్టకూడదు. పైగా లెక్క మరణానికి కట్టారు. బతికిన మనిషి గుండె ఎంత బలహీనపడిందో ఆ గీత చెప్పదు. అంకె అంచనాకు మించి పెరుగుతూ, ఈసీజీ మారుతూ, రక్తపోటు నిలవకపోతుంటే వేసిన గ్రాఫ్టే మెలిపడిందో గడ్డకట్టిందో వెంటనే చూడాలి. ఆ సందర్భంలో ట్రోపోనిన్ పరీక్ష ప్రాణం కాపాడే హెచ్చరిక.

నిర్వచనం మారితే చికిత్స గెలుపోటములే మారిపోతాయని చెప్పడానికి 'ఎక్సెల్' అధ్యయనం చాలు. ఎడమ ప్రధాన కరోనరీ ధమనిలో జబ్బు ఉన్న 1,905 మందికి స్టెంటా బైపాసా అని పోల్చారు. అధ్యయనం ఎంచుకున్న నిర్వచనంతో, చికిత్స సమయంలో వచ్చిన గుండెపోట్లు స్టెంటు వారిలో 3.6 శాతం, బైపాస్ వారిలో 6.1 శాతం. అదే మనుషులకు సార్వత్రిక నిర్వచనం వర్తింపజేస్తే స్టెంటులో 4.0, బైపాస్‌లో 2.2. రోగులు మారలేదు, వాళ్ల గుండెలు మారలేదు. గీసిన గీత మారేసరికి ఏది సురక్షితమన్న జవాబు తలకిందులైంది. 2019లో అయిదేళ్ల ఫలితాలు వచ్చాక ఈ గొడవ ముదిరి, ఐరోపా గుండె సర్జన్ల సంఘం ఎడమ ప్రధాన ధమని చికిత్సపై ఉన్న మార్గదర్శకాల నుంచి తన మద్దతును ఉపసంహరించుకుంది. నిపుణులే ఇంతగా తగాదా పడే విషయాన్ని రోగికి 'బాగా జరిగింది' అన్న రెండు మాటల్లో చెప్పి పంపేయడం న్యాయం కాదు.

నష్టం తగ్గించే ప్రయత్నాలు లేకపోలేదు, నిరాశలూ ఉన్నాయి. చేతికి బీపీ పట్టీ కట్టి కొన్ని నిమిషాలు బిగిస్తూ వదులుతూ ఉంటే గుండె ముందుగానే కాచుకుంటుందన్న ఆలోచన చిన్న ప్రయోగాల్లో ఎంతో ఆశ పుట్టించింది. బ్రిటన్, జర్మనీల్లో దాదాపు 3,000 మందిపై జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో (రెండూ 2015లోనే వచ్చాయి) రోగులకు ఏ మేలూ కనిపించలేదు. క్లాంపే లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే గ్రాఫ్టు కుట్టే పద్ధతి భారతదేశంలో చాలామంది సర్జన్లకు అలవాటైన చేయి. 19 దేశాల్లో 4,752 మందితో జరిగిన 'కరోనరీ' అధ్యయనంలో భారతీయ రోగులూ ఉన్నారు. అయిదేళ్ల తర్వాత చూస్తే మరణం, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ వైఫల్యం, మళ్లీ చికిత్స అవసరం కావడం, వీటన్నిటినీ కలిపి లెక్కగట్టినా రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి 'బీటింగ్ హార్ట్ సర్జరీ' అన్న బోర్డు చూసి కండరానికి నష్టమే ఉండదని అనుకోవడం పొరపాటు. అలాగని అది పనికిరాదని కూడా కాదు. బృహద్ధమని సున్నంలా గట్టిపడ్డ వారికి దాన్ని ముట్టుకోకపోవడమే మేలు కావచ్చు.

భారతీయ రైల్వేకు ఈ కథలో సొంత అధ్యాయం ఉంది. 1975లో దేశంలో తొలి కరోనరీ బైపాస్ చేసింది ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనో కాదు, మద్రాసు పెరంబూరులోని దక్షిణ రైల్వే ఆసుపత్రిలో, డాక్టర్ కె.ఎం.చెరియన్ చేతుల మీదుగా. అమెరికాలో రెనె ఫవలోరో కాలి సిరతో బైపాస్ మొదలుపెట్టిన 1967కు అప్పటికి ఎనిమిదేళ్లే. రైల్వే ఉద్యోగుల కోసం కట్టిన ఆసుపత్రి దేశానికి దారి చూపింది. ఇప్పుడు లెక్క చెప్పే అలవాటులోనూ రైల్వే వైద్య వ్యవస్థే ముందు నడవగలదు. ఉద్యోగుల, పింఛనుదారుల వైద్య రికార్డు ఏళ్ల తరబడి దాని దగ్గరే ఉంటుంది. బయటి ఆసుపత్రికి రిఫర్ చేసేదీ, తిరిగి వచ్చాక చూసుకునేదీ అదే. రిఫరల్ కాగితంలోనే ఫలానా వివరాలు రాసి పంపండి అని అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అడగాల్సినవి కూడా కొన్నే. క్లాంపు ఎన్ని నిమిషాలు ఉంది, గుండెను దేనితో ఆపారు. మర్నాటి ట్రోపోనిన్ లేదా సీకే-ఎంబీ ఎంత, ఏ కిట్టుతో, దాని సాధారణ పరిమితి ఎంత. ఆపరేషన్‌కు ముందు, ఇంటికి పంపే ముందు ఎకోలో ఎడమ జఠరిక ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం తోస్తోంది. ఇందులో మొదటి రెండూ పర్‌ఫ్యూజన్ చార్టులో ఎలాగూ రాసి ఉంటాయి. అక్కడి నుంచి రోగి చేతికి రావడమే తరువాయి.

దీనికి అభ్యంతరాలు వస్తాయి, అవి కొట్టిపారేసేవీ కావు. 3,000 అన్న అంకె పక్కన సాధారణం 26 అని చూసిన మనిషి హడలిపోడా? ఆ కాగితం పట్టుకుని ఊళ్లో ల్యాబు దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి తిరగడా? తిరగవచ్చు. అయితే ఆ భయానికి మందు అంకెను దాచడం కాదు, దాని పక్కన 'బైపాస్ తర్వాత ఇంత పెరగడం మామూలే' అని ఒక వాక్యం రాయడం. విజన్ లాంటి అధ్యయనం ఆ వాక్యం రాసే ధైర్యం ఇచ్చింది. ఖర్చు గురించిన అభ్యంతరం ఇంకాస్త గట్టిది. రోజూ ట్రోపోనిన్ చేయించడం డబ్బు దండగే. ఏ లక్షణమూ లేని రోగికి నిర్ణీత సమయంలో ఒక్కసారి చేస్తే సరిపోతుంది, అందరికీ అదే గంటకు చేస్తే ఒక ఆసుపత్రి తన పనిని తానే పోల్చుకోగలదు. సర్జన్ల భయం మూడోది: అంకెలు బయటపెడితే కష్టమైన కేసులు తీసుకోవడానికి వెనకాడతారని. ఆ భయంలో నిజముంది. అందుకే ఈ వివరాలు ఆసుపత్రులకు ర్యాంకులివ్వడానికి కాకుండా రోగి రికార్డు కోసమే మొదలవ్వాలి.

గతౌరా లాంటి స్టేషన్ పరిధిలో పనిచేసే ఒక కీమన్ సంగతి చూస్తే దీని అవసరం తెలుస్తుంది. తెల్లవారగానే సుత్తి, స్పానరు భుజాన వేసుకుని తన బీటు పొడవునా పట్టాల వెంట కంకర మీద నడవడం అతని పని. మేలో అక్కడ ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బైపాస్ అయిన కొన్ని వారాలకో నెలలకో అతను మళ్లీ డ్యూటీకి ఎక్కాలంటే రైల్వే డాక్టరు ఫిట్‌నెస్ ఇవ్వాలి. డాక్టరు ముందున్న కాగితంలో 'మూడు గ్రాఫ్టులు, ఆపరేషన్ విజయవంతం' అని మాత్రమే ఉంటే ఆయన దేన్ని చూసి నిర్ణయించాలి? ఆపరేషన్‌కు ముందు 50 శాతం తోసిన గుండె ఇప్పుడు 50 తోస్తోందా, 35 తోస్తోందా? 35 అయితే అది మొద్దుబారి మళ్లీ లేవబోయే కండరమా, మచ్చగా మారిందా? డిశ్చార్జి నాటి అంకె లేకపోతే ఈ ప్రశ్నకు ఆరు వారాల తర్వాతి ఎకో ఒక్కటే జవాబివ్వలేదు, ఎందుకంటే పోల్చుకోవడానికి రెండోది ఉండాలి. కండరం మిగిలి ఉన్న మనిషిని అనవసరంగా తేలికపాటి పనికి మారిస్తే అలవెన్సులు పోతాయి, ఇల్లు తడబడుతుంది. మిగలని మనిషిని బీటుకు పంపితే ఆయాసం, కాళ్లవాపు మొదలయ్యేదాకా ఎవరికీ తెలియదు. తగ్గిన గుండె బలానికి ఇప్పుడు మంచి మందులే ఉన్నాయి, తొందరగా మొదలుపెడితేనే వాటితో ఎక్కువ ప్రయోజనం.

ఆ కాగితం హిందీలో ఉంటే బిలాస్‌పూర్ డాక్టరుకూ, కీమన్‌కూ సరిపోతుంది. పింఛను తీసుకుని శ్రీకాకుళం వైపు సొంతూరు చేరుకున్నవాళ్లకు తెలుగులో ఇంకో ప్రతి కావాలి. అక్కడి డాక్టరుకు గ్రాఫ్టు ఎవరు వేశారన్నదాని కంటే, ఆపరేషన్ అయ్యాక గుండె ఎంత తోసిందన్నదే ముందుగా కావాలి.